వెన్నుదన్ను లేకుండా

నమోదు 212

కొట్టిన కోరలు: లేవు. వదిలినవి: అన్నీ. కారణం: వెన్నుదన్ను లేదు.

ఈ పుస్తకంలో ఇంతకు మించి రాయక్కర్లేదని గట్టు పెద్ద పానకాలరావు గారు చాలాసార్లు చెప్పారు. అంకెలు వెయ్యండి, సంతకం పెట్టండి, కథలు మాత్రం వద్దు అని. ఇన్నాళ్ళూ అలాగే రాశాను. ఇవాళ గట్టు మీద నాకు పని లేదు కాబట్టి కథలే రాస్తాను. ఎలాగూ దీన్ని చదివేది ఆయనొక్కరే. చదవండి పానకాలరావు గారూ, కళ్ళజోడు తుడుచుకుని మరీ చదవండి.

దీపాలు వెలిగే వేళకి గట్టెక్కాను. కింద కొర్ర మళ్ళు, వాటి మీద అద్దాల పందిరి. మొక్కలు వదిలే ఆవిరి పందిరి సందుల్లోంచి పైకి లేచి, రాయిని తొలిచి మేం కాపురముంటున్న ఈ కడవ కప్పుకి తగిలి గడ్డకట్టి, కోరల్లా కిందికి దిగుతుంది. ఇవాళ చేతి కర్రంత ఉన్న కోర, నాలుగు పూటలు వదిలేస్తే దూలమంత అవుతుంది. మా కడవలో ఏది పడినా మెల్లగా పడుతుంది. కోర పడుతుంటే పిల్లలు చూసి చప్పట్లు కొడతారు. కానీ ఏనుగు మెల్లగా మీద కూర్చుంటే మాత్రం మనం బతుకుతామా? అద్దం పగులుతుంది, చలి లోపలికి పోతుంది, మడి మాడిపోతుంది. అందుకే చిన్నగా ఉన్నప్పుడే గట్టు మీది నుంచి దాని మొదలు చూసి పిస్టల్‌తో కొట్టాలి. ఒక్క గుండుకి అది ఊడదు. మూడు గుండ్లు, ఒకేచోట, ఒకదాని వెంట ఒకటి. మొదటిది పగుల్చుతుంది, రెండోది వదులు చేస్తుంది, మూడోది కింద కట్టిన వలలోకి దించుతుంది.

ఇదంతా పానకాలరావు గారికి తెలియనిది కాదు. కాకపోతే ఆయన గట్టెక్కి చాలా కాలమైంది, మరిచిపోయి ఉంటారు.

మరో సంగతి కూడా గుర్తుచేస్తాను. మా కడవలో ఒంటి బరువు ఒంటికి తెలియదు. గట్టిగా తుమ్మితే రెండడుగులు వెనక్కి పోతాం. అలాంటిచోట పిస్టల్ పేల్చితే అది మనిషిని తంతుంది. మొదటి గుండుకే కాళ్ళు లేస్తాయి, ఇక రెండో గుండు ఎక్కడికి పోతుందో దేవుడికి తెలియాలి. నడుముకి తాడు ఉంటుంది, నిజమే. తాడు ఉంటే చావం. కానీ గుమ్మానికి కట్టిన గుమ్మడికాయలా ఊగుతూ ఉంటాం. అందుకని మా పెద్దలు వెన్నుదన్ను పెట్టారు. పేల్చేవాళ్ళ వెనక ఒక మనిషి, గట్టు కమ్మీ కింద పాదాలు దూర్చి, నడుం చుట్టూ చేతులు వేసి, ముందుకి మొగ్గి నిలబడాలి. పేల్చేవాళ్ళు ఆ మనిషి మీదికి వెనక్కి ఒరగాలి. అప్పుడు ఇద్దరి బరువూ ఒకటై తన్నుకి ఆగుతుంది.

నా వెనక నా మొగుడు సూరిబాబు ఉండేవాడు. ఇప్పుడు లేడు.

నమోదు 213

కొట్టిన కోరలు: ఒకటి. వదిలినవి: ఐదు. వెన్నుదన్ను: మా బావగారు వీరాస్వామి, ఒక్క పూట.

సూరిబాబు చావలేదు, దిగిపోయాడు. గట్టు మీద పేల్చేవాళ్ళందరిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్నకి కొడుకుల్లేరు, ఆయన పిస్టల్ నా చేతికి వచ్చింది. మిగతా పదకొండు జతల్లో మగవాడు పేల్చుతాడు, పెళ్ళామో చెల్లెలో వెనక పట్టుకుంటుంది. మా జతలో తిరగబడింది. పెళ్ళాం నడుం పట్టుకుని బతికేవాడు అని పంపుల దగ్గర మగవాళ్ళు సూరిబాబుని వేళాకోళం చేసేవాళ్ళు. కింది కడవలో మేస్త్రీ పని దొరకగానే వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. "మా నాన్న పిస్టల్ దింపేసి నీకు వండిపెట్టడానికి రానా?" అన్నాను. వాడు మూట భుజానికెత్తుకున్నాడు.

వెన్నుదన్నుగా ఇంటి మనిషే ఉండాలని కట్టుబాటు. పరాయివాళ్ళు నడుం పట్టుకోకూడదట. మొగుడు లేకపోతే అన్నో తమ్ముడో, వాళ్ళూ లేకపోతే మొగుడి అన్న. అలా మా బావగారు ఇవాళ గట్టెక్కారు.

ఆయన నిలబడటం బాగానే నిలబడ్డారు. ఒక కోరని కొట్టాను, అది చక్కగా ఊడింది. పిస్టల్ దించాను. ఆయన చేతులు దించలేదు.

"బావగారూ, పనైపోయింది. చేతులు తియ్యండి."

"ఉండవే, జారిపోతావు."

ఆ చేతులు ఉండాల్సిన చోట లేవు. ఈ పుస్తకంలో ఇంతకన్నా విడమర్చి రాయను, చదివేవారికి అర్థమయ్యే వయసే. మోచేత్తో ఒక్కటిచ్చాను. బావగారు గట్టు వదిలి తేలుకుంటూ పోయి వలలో పడ్డారు. ముక్కు బూరెలా వాచింది. ఆయన్ని వలలోంచి తియ్యడానికి ఎవరూ తొందరపడలేదని మాత్రం సంతోషంగా నమోదు చేస్తున్నాను.

నమోదు 214

పానకాలరావు గారు పిలిపించారు. బావగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని పక్కనే కూర్చుని ఉన్నారు.

"నాంచారమ్మా, ఇంటి గొడవలు గట్టు మీదికి తేవద్దు. ఆయన పెద్దమనిషి," అన్నారు గట్టు పెద్ద.

"ఆయన చేతులు మాత్రం చిన్నపిల్లల చేతుల్లా ఎక్కడెక్కడో తిరుగుతున్నాయండి. నేను ఆయన్ని నిలబెట్టుకోను."

"అయితే ఎవరిని నిలబెట్టుకుంటావు? ఆడవాళ్ళందరూ వాళ్ళ వాళ్ళ జతల్లో ఉన్నారు. నీకోసం కట్టుబాటు మార్చమంటావా ఏంది? కొర్ర కోత ముగిసేలోపు ఇంటి మనిషిని చూపించు. లేదంటే పిస్టల్ స్టోర్లో అప్పజెప్పి గోతుల్లోకి దిగు. కింది కడవకి నీళ్ళు చాలక చస్తన్నారు, అక్కడ మనుషులు కావాలి."

గోతులంటే ఐసు తవ్వే గోతులు. ఒక కోత కాలం అక్కడ పనిచేసినవాళ్ళకి వేళ్ళు మడవడం రాదు. అన్నం కలుపుకోవడానికి కూడా పక్కవాళ్ళు కావాలి. వేళ్ళు పోతే ఇక పిస్టల్ మాటే లేదు.

"ఎవరూ పట్టుకోకుండా పేలుస్తాను," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. కోపంలో నోట్లోంచి ఊడిపడింది.

ఆయన నవ్వారు. బావగారు కూడా నవ్వబోయి ముక్కు పట్టుకున్నారు.

"పేల్చి చూపిస్తే?" అన్నాను.

"చూపించు. అట్టాగే ఒంటరిగా పేల్చుకుందువుగాని, ఎవరొద్దన్నారు."

ఆ మాట మీరన్నారు పానకాలరావు గారూ. ఇక్కడ రాసి పెడుతున్నాను.

నమోదు 217

గట్టు మీద పని లేదు, నా వంతు కోరలు పక్క జతలు పంచుకున్నాయి. లేత్ పని చేసే దావీదు మేస్త్రీ దగ్గర కూర్చున్నాను. ఆయన పైపులకి మరలు కోసే మనిషి. పాత నేల బొమ్మల పుస్తకం ఒకటి ఆయన దగ్గరుంది, ఖాళీ దొరికితే అదే తిరగేస్తుంటాడు. పాత నేల మీద మనుషులకి బరువు ఉండేది కాబట్టి తన్నుకి ఎవరూ పడేవాళ్ళు కాదు. అయినా పిస్టల్ మూతి ఎగరకుండా దానికి ఒక తొడుగు తగిలించేవాళ్ళట. దాని పేరు కాంపెన్సేటర్.

"చిల్లుల గొట్టం అనుకో అమ్మాయ్," అన్నాడు దావీదు. "గుండు వెనకమాల తోసుకొచ్చే పొగంతా ముందుకే పోతే పిస్టల్ వెనక్కి తంతుంది. ఆ పొగని చిల్లుల్లోంచి వేరే దిక్కుకి మళ్ళిస్తే తన్ను తగ్గుద్ది. ఆ పొగతోనే పిస్టల్‌ని పట్టుకోవటం అన్నమాట."

"అంటే వెన్నుదన్ను పని పొగ చేస్తుందా?"

"చేస్తే చేస్తది. పొగకి చేతులుండవు గదా, నీకు అది బాగానే ఉంటది."

చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. పిస్టల్‌కి ఏ తొడుగూ తగిలించకూడదని గట్టు కట్టుబాట్లలో ఎక్కడైనా ఉందా అని అడిగాడు దావీదు. లేదు, వెతికాను. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు కాబట్టి ఎవరూ వద్దనలేదు.

నమోదు 221

మొదటి గొట్టం బొమ్మలో ఉన్నట్టే చేశాం. చిల్లులన్నీ పైకి. పిస్టల్ మూతి ఎగరడం మానింది. నేను మాత్రం ఎప్పటిలాగే వెనక్కి పోయి దావీదు పనిముట్ల గోడకి గుద్దుకున్నాను. పాత నేల వాళ్ళకి మూతి ఒక్కటే గొడవ. మాకు మొత్తం మనిషే గొడవ.

రెండో గొట్టానికి చిల్లులు వెనక్కి వంచాం. తన్ను బాగా తగ్గింది. కానీ పొగంతా నా మొహానికే కొట్టింది, కనుబొమలు కాలాయి. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళందరూ ఎందుకంత ఆశ్చర్యపోతున్నావని అడుగుతున్నారు. మూడోదానికి చిల్లులు పక్కలకి తిప్పి, వెనక్కి కాస్త వాలుగా పెట్టాం. మొహం బతికింది. కాళ్ళు నేల మీదే ఉన్నాయి. దావీదు మేస్త్రీ లేత్‌కి దండం పెట్టుకున్నాడు.

రెండో గుండు పేల్చబోతే పేలలేదు. లోపల గుండు అడ్డంగా ఇరుక్కుంది. తీసి మళ్ళీ పేల్చితే మళ్ళీ అంతే. గొట్టం తీసేసి పేల్చితే వరసగా అన్నీ పేలుతున్నాయి. ఇద్దరం నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాం. చాలాసేపటికి దావీదు తొడ మీద చరుచుకున్నాడు.

"అన్నం పెట్టే చేతినే కట్టేశాం గదా మనం. ఈ పిస్టల్ తర్వాత గుండుని తనే ఎక్కించుకుంటది. దేంతో ఎక్కించుకుంటది? ఆ తన్నుతోనే. తన్నంతా పోతే దానికి బలమేది?"

అంటే తన్ను మొత్తం పోకూడదు. దాని కడుపుకి సరిపడా మిగలాలి, నన్ను పడగొట్టేంత ఉండకూడదు. లోపలి స్ప్రింగు మార్చి కొంచెం మెత్తనిది వేశాడు. అది మరీ మెత్తనైంది, ఇంకోటి వేశాడు. సాయంత్రానికి మూడు గుండ్లూ వరసగా పేలాయి, మూడూ రొట్టెల పెనమంత చోటులో తగిలాయి.

ఆ తన్నుని పూర్తిగా చంపనందుకు నాకు లోలోపల సంతోషంగా ఉంది.

నమోదు 223

గట్టు మీదికి తీసుకెళ్ళాను. పక్క జత కోటయ్య బాబాయి, ఆయన పెళ్ళాం మాణిక్యమ్మ. బాబాయి పేల్చుతాడు, ఆవిడ వెన్నుదన్ను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అయినా ఒక్క పూట మానదు. ఇద్దరూ పని ఆపి నన్ను చూస్తున్నారు. మెట్ల దగ్గర బావగారు కూడా ఉన్నారు, ముక్కు తగ్గినట్టుంది.

తాడు కట్టుకున్నాను. కోర మొదలు చూసుకున్నాను. పేల్చాను. పేల్చిన మరుక్షణం గట్టు కింద తలకిందులుగా వేలాడుతున్నాను.

బావగారి నవ్వు కడవంతా మోగింది. గుమ్మడికాయ అనలేదు గానీ అందరి మొహాల్లోనూ అదే ఉంది. మాణిక్యమ్మ తాడు లాగి నన్ను పైకి తెచ్చింది. గొట్టం పనిచెయ్యలేదు, దావీదు దగ్గర పనిచేసిందేమో గానీ ఇక్కడ పనిచెయ్యలేదు, అని తిట్టుకుంటున్నాను.

"గొట్టాన్ని ఎందుకు తిడతావే," అంది మాణిక్యమ్మ. "అది నిన్ను తొయ్యలా. నేను చూస్తానే ఉన్నా. నువ్వే ఒరిగావు."

"ఎక్కడ ఒరిగాను?"

"వెనక్కి. ఇంకా పేల్చకముందే. వెనకాల మొగుడున్నట్టు ఒరిగావు."

మళ్ళీ నిలబడ్డాను. పేల్చకుండా ఊరికే పిస్టల్ ఎత్తాను. ఆవిడ చెప్పింది నిజం. పిస్టల్ కళ్ళ ఎత్తుకి రాగానే నా వీపు దానంతటదే వెనక్కి వాలుతోంది. దావీదు కొట్లో వెనక గోడ ఉంది కాబట్టి తెలియలేదు. ఇక్కడ వెనక గాలి ఉంది.

నమోదు 226

ఇంటి పని: నీళ్ళ వంతు తెచ్చుకున్నాను, కొర్రలు దంచాను, చారు కాచుకున్నాను. ఆ తర్వాత గదిలో నిలబడి ఖాళీ పిస్టల్ ఎత్తడం, దించడం. ఎత్తడం, దించడం.

ఒక సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తాను. సిగ్గుపడాల్సింది నేను కాదు. నా వీపు సూరిబాబుని వెతుక్కుంటోంది. నాకు వాడు అక్కర్లేదు. పొద్దున లేస్తే గుర్తురాడు, చారులో ఉప్పెక్కువైతే గుర్తురాడు. పిస్టల్ ఎత్తితే మాత్రం నా వీపు వాడున్నాడనుకుంటోంది. వాడు లేడని తెలిసినప్పుడల్లా దిగులు పుడుతోంది. వాడిమీద ప్రేమో, అలవాటో, ఏదైతేనేం, ఆ దిగులుని నేను ఒప్పుకోను. నేను వదిలేసిన మనిషిని నా వీపు ఎందుకు పట్టుకుని వేలాడాలి?

అందుకని కొడవలి పట్టి కోస్తున్నప్పుడు ముందుకి వంగే వంపు గుర్తు చేసుకుంటున్నాను. దంచేటప్పుడు వంగే వంపు. తూము దగ్గర బిందె ఎత్తేటప్పుడు వంగే వంపు. బతుకంతా ముందుకి వంగి చేసిన పనులే, ఈ ఒక్కదానికే వెనక్కి ఒరిగాను.

గట్టు మీద ఇవాళ రెండుసార్లు వేలాడాను. నాలుగుసార్లు వేలాడలేదు.

నమోదు 230

కొట్టిన కోరలు: మూడు. వెన్నుదన్ను: లేదు.

కొర్ర కోత ఇవాళ ముగిసింది. చివరి మోపు లోపలికి చేరకముందే నేను గట్టు మీదికి పానకాలరావు గారిని రమ్మని కబురు చేశాను. ఆయన వచ్చారు. మెట్లెక్కడానికి ఆయాసపడ్డారు కూడా. పదకొండు జతలూ పని ఆపి నిలబడ్డాయి.

మూడు కోరలు చూపించి మూడూ కొట్టమన్నారు. మూడోది అన్నిటికన్నా దూరంలో ఉన్నది, కావాలని చూపించారు. కొట్టాను. ముక్కలు మెల్లగా వలలోకి దిగుతుంటే కింద కోతవాళ్ళు తలలెత్తి చూశారు. నా కాళ్ళు పెట్టినచోటే ఉన్నాయి. నా నడుం మీద నా తాడు తప్ప మరేదీ లేదు.

గర్వం వద్దంటారు పెద్దలు. నాకు వచ్చింది, ఏం చెయ్యను. కడుపు నిండా వచ్చింది.

పానకాలరావు గారు పిస్టల్ అడిగి తీసుకుని, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మెచ్చుకున్నారు. "అన్న మాట మీద నిలబడ్డావు. ఇకనించి ఒంటరిగా పేల్చుకో," అన్నారు. తర్వాత గొట్టం మీంచి కళ్ళు తియ్యకుండానే, "ఇట్టాంటివి దావీదు ఎన్ని చెయ్యగలడు?" అని అడిగారు.

ఆ అడగడం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇంకో పదకొండు చెయ్యగలడని గొప్పగా చెప్పాను కూడా.

నమోదు 231

పొద్దున గట్టు మెట్ల దగ్గర ఆజ్ఞ అంటించి ఉంది. పేల్చేవాళ్ళందరికీ గొట్టాలు ఇస్తారు. వెన్నుదన్నులు ఇక అక్కర్లేదు. పదకొండు మందీ కొత్త విత్తనాలు చల్లే నాటికి ఐసు గోతుల్లో పనికి దిగాలి.

మాణిక్యమ్మ ఆ కాగితం ముందు నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకి జరిగింది. నిన్నటిదాకా నన్ను తాడు పట్టుకుని పైకి లాగిన మనిషి.

నేను తిన్నగా పానకాలరావు గారి దగ్గరికి వెళ్ళాను. "నేను అడిగింది నన్నెవరూ పట్టుకోవద్దని. వీళ్ళని తోసెయ్యమని కాదు," అన్నాను.

"తోసెయ్యటమేంది? పని లేనిచోట మనిషిని ఉంచి తిండి పెట్టమంటావా? నీళ్ళు కావాలి, గోతులకి చేతులు కావాలి. నువ్వే చూపించావు గదా, వెన్నుదన్ను లేకపోయినా గడుస్తుందని."

"మాణిక్యమ్మకి మోకాళ్ళు లేవు. ఇంకొక్క కోత కాలం గోతిలో ఉంటే వేళ్ళు కూడా ఉండవు."

"నీ పని నువ్వు చూసుకో నాంచారమ్మా. నీకు కావాల్సింది నీకు ఇచ్చాను."

ఇచ్చారు. నేను గెలుచుకున్నదాన్నే నాకు ఇచ్చి, దాంతోనే పదకొండు మంది మీద దెబ్బ కొట్టారు. నాకు ఇంత మంట ఎప్పుడూ పుట్టలేదు. బావగారి చేతులప్పుడు కూడా పుట్టలేదు.

నమోదు 233

దావీదు మేస్త్రీ చేత మిగతా గొట్టాలు చేయించారు. చెయ్యనంటే లేత్ వేరేవాళ్ళకి ఇస్తామన్నారు, పాపం చేశాడు. ఇవాళ వాటిని పిస్టళ్ళకి తగిలించి అందరినీ ఒంటరిగా గట్టు మీద నిలబెట్టారు.

అందరూ వేలాడారు. ఒక్కరూ తప్పకుండా. గట్టు పొడుగునా తాళ్ళకి మనుషులు ఊగుతుంటే కింద పిల్లలు చప్పట్లు కొట్టారు. తాతల నాటి నుంచి వెనక్కి ఒరిగిన వీపులవి, ఒక్క పూటలో మానతాయా? నాకు ఎన్నాళ్ళు పట్టిందో నాకు తెలుసు. నేర్పుతాను, కానీ వాళ్ళు నేర్చుకునేదాకా వెన్నుదన్నులని ఉంచండి అని మళ్ళీ అడిగాను. ఆజ్ఞ ఆజ్ఞే అన్నారు. వదిలేసిన కోరలు పెరుగుతున్నాయి. విత్తనాల మడి మీదిది ఇప్పటికే దూలమంత అయింది.

కోటయ్య బాబాయి వంతు వచ్చినప్పుడు మాణిక్యమ్మ అలవాటుగా వెనకే నిలబడింది. చేతులు మాత్రం పానకాలరావు గారు వెయ్యనివ్వలేదు. బాబాయి పేల్చాడు, ఒరిగాడు, ఆవిడ పక్కనుంచి జారి వెనక్కి పోయాడు. ఆవిడ ముందుకి పోయి గట్టు అంచు కమ్మీకి పొట్ట గుద్దుకుంది. మొగుడు వెనక్కీ, పెళ్ళాం ముందుకీ. అందరూ బాబాయిని లాగడానికి పరిగెత్తారు. నేను ఆవిడనే చూస్తూ ఉండిపోయాను.

నమోదు 234

కొట్టిన కోరలు: నాలుగు. కొట్టింది నేను కాదు.

వెన్నుదన్నులు ఇవాళ గోతుల్లోకి దిగాలి. పదకొండు మందీ గట్టు మీద వరసగా నిలబడ్డారు. చేతుల్లో గుడ్డల మూటలు. కొందరు ఏడుస్తున్నారు, మాణిక్యమ్మ ఏడవడం లేదు. పేల్చేవాళ్ళు గొట్టాలు తగిలించుకున్న పిస్టళ్ళు పట్టుకుని పెళ్ళాల మొహాలు చూడలేక కప్పు వైపు చూస్తున్నారు. కప్పుకి వేలాడుతున్నవి చూసినా ధైర్యం వచ్చేట్టు లేదు. పానకాలరావు గారు పేర్లు పిలవడం మొదలుపెట్టారు.

నేను వరస దాటి మాణిక్యమ్మ దగ్గరికి వెళ్ళాను. నా నడుం తాడు విప్పి ఆవిడకి కట్టాను.

"ఏందే ఇది?"

"మూట కింద పెట్టు. చెయ్యి చాపు."

నా పిస్టల్ ఆవిడ చేతిలో పెట్టాను. మా నాన్న నా చేతికి తప్ప ఎవరికీ ఇవ్వని పిస్టల్. పిస్టల్ చెయ్యి మారితే ఇచ్చినవాళ్ళ పేరు గట్టు మీంచి కొట్టేస్తారు. ఆ కట్టుబాటు మాత్రం ఉంది, మొదటి పుటలోనే ఉంది.

"నాంచారమ్మా," అన్నారు పానకాలరావు గారు. గొంతు పెంచలేదు. "ఏం చేస్తన్నావో తెలిసే చేస్తన్నావా?"

"తెలుసండి."

"ఇంత గొడవపడి నిలబెట్టుకున్నావు గదా నీ చోటు."

"నిలబెట్టుకున్నాను కాబట్టే ఇవ్వగలుగుతున్నానండి."

మాణిక్యమ్మ పిస్టల్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "నాకెట్టా వస్తుందే. ఒక్కనాడు పేల్చలా నేను," అంది మెల్లగా.

"కోటయ్య బాబాయి భుజం మీంచి ఇన్నేళ్ళు చూశావు. కోర మొదలు ఎక్కడో నీకు తెలియదా?"

"అది తెలుసులే."

"ఆయన ఎక్కడ తప్పుతాడో కూడా తెలుసు."

"అదింకా బాగా తెలుసు," అంది. బాబాయి తల దించుకున్నాడు.

"అయితే ఎప్పుడూ నిలబడేట్టే నిలబడు. కమ్మీ కింద కాళ్ళు. ఒళ్ళు ముందుకి. మేమందరం మానుకోలేక చస్తున్న ఒరుగుడు నీకు అసలు రానే రాదు. నీ ఒళ్ళు ఎప్పుడూ ముందుకే మొగ్గింది."

ఆవిడ పిస్టల్ ఎత్తింది. విత్తనాల మడి మీది కోర వైపు చూసింది. మొదటి గుండు జానెడు పక్కన తగిలి కప్పు రాయి రాలింది. ఎవరో మూలిగారు. మాణిక్యమ్మ కదల్లేదు. పాదాలు కమ్మీ కిందే ఉన్నాయి, ఒళ్ళు ముందుకే ఉంది. రెండోది కోర మొదలుకే తగిలింది. మూడోది అక్కడే. నాలుగోది అక్కడే. దూలమంత కోర కిర్రుమని మొదలంటా ఊడి, మూడు ముక్కలై, మెల్లగా వలలోకి వచ్చింది. వల సాగింది, తెగలేదు. కింద విత్తనాల మడి మీద అద్దం అద్దంలాగే ఉంది.

ఆవిడ ఆగకుండా ఇంకో మూడు కోరలు కొట్టింది. మధ్యలో గుండ్లు నేనే అందించాను. చివరిది పడేసరికి గట్టు మీద మూటలు పట్టుకున్నవాళ్ళెవరూ లేరు. పది మూటలూ నేల మీద ఉన్నాయి. పదిమంది ఆడవాళ్ళు తమ మొగుళ్ళ, అన్నల చేతుల్లోని పిస్టళ్ళ వైపు చూస్తున్నారు. కోటయ్య బాబాయి ముందుగా చెయ్యి చాపి తన పిస్టల్‌ని పక్క జతలో అన్నకి వెన్నుదన్నుగా ఉండే చెల్లెలు పిల్లకి ఇచ్చాడు. అది కూడా కట్టుబాటు కాదు.

"ఆ పిస్టల్ కింద పెట్టమను," అన్నారు పానకాలరావు గారు. అది ఎవరితో అన్నారో ఆయనకే తెలియాలి, ఎందుకంటే అప్పటికే చేతులు మారిన పిస్టళ్ళు నాలుగైదు ఉన్నాయి.

"గుండ్లు ఇంకా ఉన్నాయండి," అన్నాను. "కోరలు కూడా ఉన్నాయి. గోతులకి మనుషులు కావాలంటే ఒంటరిగా నిలబడలేనివాళ్ళని పంపండి. మీరు రాసిన లెక్క ప్రకారం వాళ్ళెవరో నిన్న తాళ్ళకి వేలాడినప్పుడు మీరే చూశారు."

పేల్చేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పానకాలరావు గారు కాగితం మడిచారు. జేబులో పెట్టుకున్నారో చింపారో నేను చూడలేదు. రేపు నా పేరు ఈ పుస్తకంలో ఉంటుందో లేదో తెలియదు. కొట్టేసేవారు ఈ పుట దాకా చదివే కొట్టెయ్యాలి, అంతవరకు నాకు చాలు.

మాణిక్యమ్మ మళ్ళీ పిస్టల్ ఎత్తబోయి ఆగింది. వెనక్కి తిరిగి ఖాళీ చోటు చూసుకుంది.

"నా వెనకాల నిలబడవే," అంది. "ఒట్టి గాలిగా ఉంది, భయమేస్తంది."

వెళ్ళి ఆవిడ వెనక నిలబడ్డాను. పట్టుకోలేదు.